ప్రకాశరావు గుండె, అయాజ్ క్యారేజీ

ప్రకాశరావుని బంధువులు వెనకాల మారు ప్రకాశరావు అంటారు. ఏ పంక్తిలో కూర్చున్నా ఆయన విస్తరి ముందునుంచి వడ్డించేవాడు ఒక్కసారే వెళ్లిపోవడం ఎన్నడూ జరగలేదు. మారు వడ్డించకుండా జారుకున్న వాళ్ల పేర్లు ఆయనకి ఇరవై ఏళ్ల పెళ్లిళ్ల నుంచీ కంఠతా వచ్చు. అటువంటి మనిషి రెండువేల ఆరు జూన్ నెలలో, రేపల్లెలో బావమరిది గృహప్రవేశంలో, పద్నాలుగు బొబ్బట్లు తిని పదిహేనోది చేతిలో ఉండగా గుండె పట్టుకుని ఒరిగిపోయాడు.

నలుగురూ కలిసి ఆయన్ని కారులో పడుకోబెట్టి తెనాలి తీసుకొచ్చారు. దారి పొడుగునా భార్య సీతారావమ్మ ఆయన ఛాతీ రాస్తూనే ఉంది. ఆస్పత్రి మెట్లెక్కేటప్పుడు చూస్తే పదిహేనో బొబ్బట్టు చేతిలో లేదు. కారులో ఎక్కడ పడిపోయిందోనని బావమరిది సీట్ల కింద వెతికాడు. అది జంపని దాటేలోపే అయిపోయింది.

డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, ఇది గుండెనొప్పి కాదు, గ్యాసు అని తేల్చారు. ప్రకాశరావు వెంటనే లేచి చొక్కా తొడుక్కోబోయాడు. కూర్చోమన్నారు. నొప్పి గ్యాసుదే గానీ రక్తంలో కొలెస్ట్రాల్ రెండువందల అరవై ఎనిమిది ఉందనీ, బీపీ కూడా ఎక్కువగానే ఉందనీ, వచ్చేసారి కూడా గ్యాసే వస్తుందన్న నమ్మకం లేదనీ చెప్పారు. మూడు నెలలు గడువిచ్చారు. నూనె, ఉప్పు, నెయ్యి తగ్గించాలి. ఆకుకూరలు, కాయగూరలు, పొట్టు తియ్యని ధాన్యం పెంచాలి. రోజూ నలభై నిమిషాలు, ఆయాసం రాకుండా, హాయిగా నడవాలి. సెప్టెంబరులో మళ్లీ రక్తం చూస్తారు. తగ్గితే సరే, తగ్గకపోతే గుంటూరు వెళ్లి యాంజియోగ్రామ్ చేయించుకోవాలి.

"అంటే ఏంటండి?" అన్నాడు ప్రకాశరావు.

"పెద్దదేం కాదండి. తొడ దగ్గర చిన్న బెజ్జం పెట్టి, గుండె దాకా సన్నటి తీగ పంపించి చూస్తారు."

పక్కింటి పసివాడికి పోలియో చుక్కలు వేస్తుంటే కూడా కళ్లు మూసుకునే రకం ప్రకాశరావు. తీగ మాట విన్నాక ఆయన చొక్కా పక్కన పెట్టేసి మళ్లీ పడుకున్నాడు.

సీతారావమ్మ మామగారు, అంటే ప్రకాశరావు తండ్రి, కొల్లిపరలో ఓ మధ్యాహ్నం భోంచేసి లేచి, చెయ్యి కడుక్కుంటూ పోయారు. అప్పటికాయనకి యాభై రెండేళ్లు. ప్రకాశరావుకి వచ్చే ఫిబ్రవరికి యాభై రెండు నిండుతాయి. ఆస్పత్రి నుంచి వస్తూ ఆవిడ రిక్షా ఆపించి ఓ ఓట్సు ప్యాకెట్టూ, రెండు కిలోల జొన్నపిండీ కొంది. ఇంటికి రాగానే నూనె గరిటని అటకెక్కించి, పిల్లలు చిన్నప్పుడు దగ్గుమందు తాగిన చెంచాని నూనె డబ్బా పక్కన పెట్టింది.

మర్నాడు టిఫిను పళ్లేన్ని ప్రకాశరావు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటి సీతా?"

"ఓట్సు."

"మనుషులు తింటారా?"

"గుర్రాలు కూడా తింటాయిట. ఏ గుర్రానికీ గుండెపోటు వచ్చిందని నేను వినలేదు."

"గుర్రం రోజుకి ముప్పై మైళ్లు పరిగెడుతుందే."

"మిమ్మల్ని నలభై నిమిషాలే నడవమన్నారుగా. అందుకే కొంచెమే పెట్టాను."

ఆ ఇంట్లో వాదనలు సాధారణంగా ఇలాగే ముగుస్తాయి. ప్రకాశరావు తిన్నాడు. తిన్నాక, తడి అట్టపెట్టె రుచి ఎలా ఉంటుందో తనకిప్పుడు తెలిసిందన్నాడు. అట్టపెట్టెలో పీచు ఎక్కువేనంది సీతారావమ్మ.

నడక విషయంలో మాత్రం ఆయన ఎదురుచెప్పలేదు. రోజూ అయిదున్నరకి లేచి, తెల్ల బూట్లు వేసుకుని, కాలవ గట్టు మీదికి బయల్దేరేవాడు. గట్టు మీద మూడువందల అడుగుల దూరంలో ఓ టీ కొట్టుంది. దాని ముందు బల్ల, బల్ల మీద పేపరు ఉన్నాయి. ముప్పావుగంట పేపరు చదివి, కొట్టువాడి కుండలో నీళ్లు నాలుగు చుక్కలు నుదుటి మీద చల్లుకుని, ఆయాసపడుతూ ఇంటికొచ్చేవాడు.

తిండి విషయంలో అలా నీళ్లు చల్లుకుంటే కుదరదు. ఆయన బాపట్లలో కాలవల ఆఫీసులో హెడ్ క్లర్కు. తెనాలిలో పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లి, సాయంత్రం పాసింజరుకే తిరిగొస్తాడు. మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచి తెచ్చుకునే నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. మొదటి వారమంతా అందులో జొన్నరొట్టె, ఉప్పు తెలియని సొరకాయ, నీళ్ల మజ్జిగ వచ్చాయి. నాలుగో గిన్నెలో కీరాదోసకాయ ముక్కలు ఉండేవి. శుక్రవారంనాడు ఆయన క్యారేజీ మూతపెట్టేసి, ఛాతీలో గుండె ఉన్నా లేకపోయినా నోట్లో నాలుక మాత్రం ఉంది కదా అని ఆలోచించడం మొదలుపెట్టాడు.

ఆలోచన వెళ్లి అయాజ్ క్యారేజీ మీద వాలింది.

అయాజ్ కూడా అదే పాసింజరులో వెళ్లే సీజన్ టికెట్టు మనిషి. బాపట్లలో సూర్యలంక రోడ్డు మీద టీవీలు బాగుచేసే కొట్టుంది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఇంటి నుంచి తెనాలి స్టేషనుకి సైకిలు తొక్కుకుంటూ వస్తాడు. ఐదేళ్ల కిందట ఓ రంజాన్ పండక్కి వాళ్లావిడ హమీదా చేసిన బిర్యానీ రైలు పెట్టెలో అందరికీ పంచాడు. ఆ బిర్యానీలో తనకి ఎన్ని ముక్కలు వచ్చాయో ప్రకాశరావుకి ఇప్పటికీ గుర్తే. అటువంటి ఇల్లాలి చేతి వంట రోజూ ఒక్కడే తింటున్నాడంటే అది ఆ మనిషికి మంచిది కాదని ఆయనకి అనిపించింది.

సోమవారం అయాజ్‌ని ప్లాట్‌ఫారం చివరికి తీసుకెళ్లి భుజం మీద చెయ్యేశాడు.

"తమ్ముడూ, మా ఇంటి వంట నువ్వు ఎప్పుడూ తిననేలేదు. పొలం ఉన్నవాళ్లం, నెయ్యికీ పెరుగుకీ లోటు లేనివాళ్లం. మీ ఇంటిది నేనూ మా ఇంటిది నువ్వూ రోజూ మార్చుకుంటే ఎలా ఉంటుందంటావ్?"

అయాజ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తప్పకుండా అన్నా" అన్నాడు. అంత తొందరగా ఎందుకొప్పుకున్నాడని ప్రకాశరావు ఆలోచించి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. పాపం, అమాయకుడు అనుకున్నాడాయన.

మార్పిడి రైల్లో కుదరదు. రైల్లో జార్జి ఉన్నాడు. ప్రకాశరావు ఆఫీసులోనే పనిచేస్తాడు, తెనాలిలో ఇల్లు కూడా పక్క వీధే. దేశంలో ఏ రైలు ఎన్నింటికి ఎక్కడ ఆగుతుందో చెప్పగలడు గనక టైంటేబుల్ జార్జి అంటారు. ఏ రైలూ టైముకి రాకపోయినా, జార్జి చూసిన సంగతి మాత్రం సాయంత్రానికల్లా వాళ్లావిడ ద్వారా సీతారావమ్మకి చేరిపోతుంది. ఆటో ఎక్కి కొట్టుకి వెళదామన్నా, ఆటోవాళ్లంతా ఆఫీసు ఎదురుగా జార్జితోనే టీ తాగుతారు. అందుకని ప్రకాశరావు మధ్యాహ్నం క్యారేజీ సంచి చంకన పెట్టుకుని, సందుల్లోంచి, మైలు పైచిలుకు దూరం నడుచుకుంటూ అయాజ్ కొట్టుకి వెళ్లాడు. తిని, మళ్లీ నడుచుకుంటూ వచ్చాడు. ఆ రోజు ఆయన ఉత్సాహంలో ఎండ కూడా తెలియలేదు.

హమీదా క్యారేజీలో పుదీనా వాసనతో ఓ పులావు, పల్చటి పెరుగు చట్నీ, నిమ్మకాయ పిండిన కూర ఉన్నాయి. ప్రకాశరావు కళ్లు మూసుకుని తిన్నాడు. తెరిచి చూస్తే అయాజ్ సొరకాయ గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడువేలకి అమ్ముడుపోతుందనుకున్న టీవీలో పిక్చర్ ట్యూబే లేదని తెలిసినట్టుంది మొహం. రెండోరోజూ అంతే. ప్రకాశరావుకి కొంచెం సిగ్గేసింది గానీ పులావు ఆపేటంత కాదు.

మూడోరోజు ఏం జరిగిందో ఏమోగానీ అయాజ్ మొహం వికసించింది. క్యారేజీ చేతికివ్వగానే బరువు చూసుకుని, నాకు ఒంటరిగా తినడం అలవాటన్నా అంటూ కొట్టు వెనక కర్టెను చాటుకి పోయాడు. అప్పట్నుంచీ రోజూ అదే వరస. కర్టెను వెనక వేళ్లు చప్పరిస్తున్న చప్పుడు వినపడేది. సొరకాయని ఇంత మనసుపెట్టి తినేవాడు ఉంటాడని ప్రకాశరావు అనుకోలేదు. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడనుకున్నాడు.

రెండో వారంలో హమీదా క్యారేజీలో కొత్త పదార్థం వచ్చింది. మెత్తగా, జావకీ ముద్దకీ మధ్యలో ఉంది. పైన కొత్తిమీర, అల్లం ముక్కలు, నిమ్మరసం.

"హలీం అన్నా" అన్నాడు అయాజ్.

"ఇందులో మాంసం ఎక్కడయ్యా?"

"కనపడితే అది హలీం ఎందుకవుతుందన్నా. కరిగిపోవాలి."

ప్రకాశరావు ఓ చెంచా తిని, నిజమే, పూర్తిగా కరిగిపోయిందన్నాడు. గిన్నె వేలితో తుడిచి తిన్నాడు. హైదరాబాదులో తను తిన్న హలీం కూడా దీని ముందు దిగదుడుపేనని సర్టిఫికెట్టిచ్చాడు. ఆ తర్వాత వారానికి మూడు రోజులు అదే వచ్చినా ఆయన విసుక్కోలేదు.

ఇంట్లో మాత్రం మంచి మనిషైపోయాడు. పొద్దున ఓట్సూ రాత్రి జొన్నరొట్టే పేచీ లేకుండా తినేసేవాడు. మధ్యాహ్నం ఒకటుందన్న ధైర్యం. కాకపోతే కడుపులో మాట దాచుకోలేని మనిషి గనక, రొట్టె తుంచుతూ అప్పుడప్పుడూ నోరు జారేవాడు.

"కొంతమంది ఆడవాళ్ల చేతిలో ఏదో ఉంటుంది సీతా. ఏం చేసినా అమృతమే."

"ఎవరి చేతిలోనండీ?"

"ఊరికే అన్నాను."

"ఊరికే అయితే ఫరవాలేదులెండి" అని సీతారావమ్మ ఇంకో పుల్కా అంత జొన్నరొట్టె పళ్లెంలో వేసేది.

ఆవిడకి ఈ మధ్య భక్తి కూడా ఎక్కువైంది. ప్రకాశరావు కాలవ గట్టు నుంచి వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి పొగ. వంటింట్లోంచి ముందుగది దాకా మనిషికి మనిషి కనపడేది కాదు. తన గుండె కోసమే ఇదంతా చేస్తోందని ఆయనకి జాలేసేది. దగ్గుతూ స్నానానికి వెళ్లేవాడు. ఆదివారం ఉదయాలు నాసిర్ మాంసం కొట్టు ముందునుంచి తల పక్కకి తిప్పుకుని నడిచేవాడు. నాసిర్ హమీదాకి స్వయానా తమ్ముడు, ప్రకాశరావుకి పదిహేనేళ్ల ఖాతా కొట్టు. "వదినమ్మగారికి నమస్కారం చెప్పండి" అని నాసిర్ ఎప్పుడూ లేనంత నవ్వుతూ పలకరించేవాడు. పాత కస్టమర్ దూరమైనా మర్యాద మర్చిపోలేదనుకునేవాడు ప్రకాశరావు.

ఆయన్ని నిజంగా బాధపెట్టింది రైలు. తెనాలిలో రైలు కదిలీ కదలకముందే ఎక్కడి నుంచో వేపుడు వాసన వచ్చేది. ఒకరోజు వంకాయ కారం, ఒకరోజు బంగాళాదుంప వేపుడు, ఒకరోజు గారెలు. సోమవారమైతే ఖచ్చితంగా మాంసం. గుండెజబ్బు మనిషి ప్రయాణం చేసే పెట్టెలో ఇటువంటివి తెచ్చేవాళ్లకి బుద్ధుండాలని ఆయన అందరికీ వినపడేలా అనేవాడు. ఎదుటి సీట్లో ఓ బీమా ఏజెంటు కూర్చుంటాడు. ఆయన సంచీ మీదే అనుమానం. నాలుగైదుసార్లు సీటు మారి కూర్చున్నాడు గానీ, వాసన కూడా ఆయనతోబాటే మారేది.

జూలై ఆఖర్లో అయాజ్ ఓ కబురు చెప్పాడు. కొట్టు దగ్గర రద్దీ ఎక్కువైందట, కాలవల ఆఫీసువాళ్లు కూడా రిమోట్లు పట్టుకొస్తున్నారట. మనం తినేచోటు మారుద్దాం అన్నా అన్నాడు. ఇంకో అరమైలు ముందుకెళితే తన స్నేహితుడు యేసుదాసు కొబ్బరితోట ఉంది, మోటారు షెడ్డు ముందు నీడ బాగుంటుంది, తను ఎప్పటిలాగే ఒంటరిగా షెడ్డు లోపల తింటాడట. ప్రకాశరావు లోపల లెక్కేసుకున్నాడు. అరమైలు పోను, అరమైలు రాను. అంతలో అయాజ్ గిన్నె మూత కొంచెం తీశాడు. కొబ్బరితోటే మంచిదన్నాడు ప్రకాశరావు. ఆలస్యమైనప్పుడు జీతంలో కోతపడకుండా సాయంత్రం ఓ అరగంట ఎక్కువ కూర్చుంటానని పై ఆఫీసరుకి చెప్పుకున్నాడు.

ఆగస్టులో ఆయన బెల్టుకి రెండు కొత్త బెజ్జాలు పడ్డాయి. చెప్పులు ఒక జత అరిగిపోయి రెండో జత కొన్నాడు. రైల్వే వంతెన మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి టైంటేబులు చదివినట్టు నటించాల్సిన పని లేకుండా పోయింది. ఒంట్లో ఇంత తేలిగ్గా ఉండటానికి హమీదా వంటలో బలం ఉందనే ఆయన నమ్మాడు.

సెప్టెంబరు దగ్గరపడేకొద్దీ మాత్రం ఆ బలం నీరుకారిపోయింది. మూడు నెలలు పొద్దున్న పేపరు చదివాడు, మధ్యాహ్నం పులావు తిన్నాడు. రక్తం అబద్ధం చెప్పదు. తీగ కలలోకి రావడం మొదలైంది. మొదట కలలో సన్నగా ఉండేది, రానురాను కరెంటు స్తంభానికి వేసే తీగంత అయ్యింది.

పరీక్షకి ముందురోజు ఆదివారం. మధ్యాహ్నం వరండాలో సీతారావమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ప్రకాశరావు పక్కన కూర్చుని, రెండు కాయలు తీసి, మళ్లీ చేటలో వేశాడు.

"సీతా, ఒకవేళ తగ్గలేదనుకో."

"తగ్గుతుంది."

"నీకెలా తెలుసు?"

"నేను పెట్టిందే కదండీ తింటున్నారు."

ఆయన చేటలోంచి ఇంకో కాయ తీసుకున్నాడు. అంతా చెప్పేద్దామనుకున్నాడు. అంతలో సీతారావమ్మ తలెత్తకుండానే అంది, "మామయ్యగారు పోయిన వయసుకి మీకింకా అయిదు నెలలుంది. ఆ రోజు అత్తయ్యగారి పక్కన నేనున్నాను. నాకు భయంగా ఉంది, అంతే." ప్రకాశరావు చిక్కుడుకాయలన్నీ తనే బాగుచేసిపెట్టాడు. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

సోమవారం సెలవు పెట్టి రక్తం ఇచ్చాడు, కళ్లు మూసుకునే. సాయంత్రం రిపోర్టు వచ్చింది. కొలెస్ట్రాల్ నూట తొంభై ఒకటి. బీపీ కూడా దిగింది. డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. గుంటూరు అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, ఇలాగే కొనసాగించమన్నారు. బయట కూర్చున్న పేషెంట్లకి కూడా రెండు ముక్కలు చెప్పి వెళ్లండి, నా మాట కన్నా మీ మాట వింటారన్నారు. ప్రకాశరావు కాదనలేకపోయాడు. ఓట్సు మీద పావుగంట ఉపన్యాసమిచ్చాడు. మొదట్లో చప్పగా ఉన్నా నమిలేకొద్దీ తీపి తెలుస్తుందన్నాడు. ఒకాయన రాసుకున్నాడు కూడా. సీతారావమ్మ గోడవైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆనందబాష్పాలే, కాకపోతే భుజాలు కొంచెం ఎక్కువగా కదిలాయి.

రాత్రికి భయం పోయింది. తెల్లారేసరికి సిగ్గు కూడా పోయింది. రైలెక్కేసరికి ప్రకాశరావు దగ్గర ఓ సిద్ధాంతం తయారైంది. పథ్యాలూ పాడూ అన్నీ బూటకం, నచ్చింది తింటే గుండె దానంతటదే సర్దుకుంటుంది, దానికి తన రక్తమే సాక్ష్యం.

ఊరుకుంటే గౌరవంగా ఉండేది. కానీ జార్జి అందరి ముందూ, మీ ఆవిడ ఓట్సే మిమ్మల్ని బతికించాయండీ, దణ్ణం పెట్టాలావిడకి అన్నాడు. పెట్టెలో పదిమందీ అవునన్నారు. ప్రకాశరావుకి అది సహించలేదు.

"ఓట్సా? మధ్యాహ్నం క్యారేజీ మూడు నెలల్లో ఒక్కరోజు కూడా నేను తినలేదు" అని లేచి నిలబడ్డాడు. "ఆ గడ్డి ఎలా ఉంటుందో మీరే చూడండి." జార్జి ఉన్నాడన్న సంగతి కూడా మర్చిపోయి, క్యారేజీ తీసి, పేకాటవాళ్లు మోకాళ్ల మీద పరిచిన తువ్వాలు మీద పెట్టి, గడియ లాగాడు. పక్క సీట్లో అయాజ్ "అన్నా, వద్దన్నా" అని చెయ్యి పట్టుకోబోయాడు గానీ అందలేదు.

మొదటి గిన్నెలో గోంగూర మాంసం ఉంది. పైన అంగుళం ఎత్తు నూనె తేలుతోంది. రెండో గిన్నెలో గారెలు. మూడో గిన్నెలో సన్నబియ్యం అన్నం, మధ్యలో గుంట చేసి పోసిన నెయ్యి. నాలుగో గిన్నెలో గడ్డపెరుగు, అంచున ఆవకాయ ముక్క. పెట్టెలో అందరూ ముందుకి వంగారు.

ముందుగా బీమా ఏజెంటు తేరుకున్నాడు. "మూడు నెలల నుంచీ నా సంచీ మీద పడి ఏడ్చారు కదండీ" అన్నాడు. చాలా నెమ్మదిగానే అన్నాడు గానీ ఆ మాట పెట్టె చివరిదాకా వెళ్లింది. ఇవన్నీ తింటూ నిన్న డాక్టరుగారి దగ్గర ఓట్సు గురించి చెప్పారా అని జార్జి అడిగాడు. ప్రకాశరావుకి నోట మాట రాలేదు. చెయ్యి మాత్రం వచ్చింది. అది మొదటి గిన్నె వైపు వెళుతుంటే నలుగురు పట్టుకున్నారు. మీకు గుండెజబ్బండీ, మీ ఆవిడకి మేం ఏం సమాధానం చెబుతాం అన్నారు. క్యారేజీ ఆయన చేతికందకుండా ఆ మూలకి వెళ్లింది. ఆయన్ని కాపాడాలన్న పట్టుదలతో పెట్టెలో ఉన్నవాళ్లంతా పనిలోకి దిగారు. నిడుబ్రోలు వచ్చేసరికి నాలుగు గిన్నెలూ కడిగినట్టున్నాయి. ఎముక కూడా మిగల్లేదు. బీమా ఏజెంటు చేతి రుమాలుతో మూతి తుడుచుకుని, అయినా ఇంత వాసన వస్తుంటే తెలియలేదా అండీ అన్నాడు.

మధ్యాహ్నం కొబ్బరితోటలో ప్రకాశరావు ఖాళీ క్యారేజీ అయాజ్ ముందు పెట్టాడు. అయాజ్ దాని వైపు చూసిన చూపులో నిజమైన దుఃఖం ఉంది. తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.

నాలుగేళ్ల కిందట వాళ్ల నాన్నకి గుండెపోటు వచ్చింది. ఆయన బతికాడు గానీ ఆ ఇంట్లో నూనె పోయింది. అప్పట్నుంచీ హమీదా పుదీనా, అల్లం, జీలకర్ర, నిమ్మకాయలతోనే ఇంటిల్లిపాదికీ వండుతోంది. "నెయ్యికి లోటు లేదని మీరంటే నమ్మాను అన్నా. నాలుగేళ్ల తర్వాత నోటికి రుచి తగులుతుందనుకుంటే సొరకాయ వచ్చింది. రెండోరోజు ఇంటికెళ్లి హమీదాతో చెప్పేసుకున్నాను." హమీదా జాకెట్లు కుడుతుంది. సీతారావమ్మ జాకెట్లన్నీ ఆవిడే కుడుతుంది. మూడోరోజు పొద్దుటికల్లా సంగతంతా కొలతలతో సహా సీతారావమ్మకి చేరిపోయింది.

"చేరితే ఆపెయ్యాలి కదా?"

"ఆపితే మీరు హోటలుకి వెళతారన్నారు వదినగారు. నేను మానేస్తానేమోనని నాకు నచ్చినవి వండి పంపించారు."

ప్రకాశరావు ఖాళీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "మరి పులావు?"

"గోధుమరవ్వ అన్నా."

"హలీం?"

అయాజ్ తలొంచుకున్నాడు. "ఓట్సు. ప్యాకెట్లు కూడా వదినగారే ఇచ్చేవారు. ఈ తోట కూడా ఆవిడ చెప్పిందే. కొట్టు దగ్గర రద్దీ ఎప్పుడుందన్నా, మీకు తెలియదా."

ఆకలిగా ఉన్న మనిషి గనక ప్రకాశరావు చివరికి హమీదా క్యారేజీ తెరిచాడు. హలీమే. ఓట్సని తెలిశాక తినకూడదనుకున్నాడు. ఓ చెంచా తిన్నాడు. సగం అయాజ్‌కి పెట్టి, మిగతాది ఎప్పటిలాగే వేలితో తుడిచేశాడు. దాని రుచి ఏమీ తగ్గకపోవడం ఆయనకి మరీ అవమానంగా ఉంది.

సాయంత్రం ఇంటికి పోట్లాడ్డానికే వచ్చాడు. సీతారావమ్మ కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చింది.

"నువ్వు నన్ను మోసం చేశావు సీతా."

"కాలవ గట్టు మీద పేపరు చదివి, నుదుటి మీద నీళ్లు చల్లుకొచ్చే మనిషిని నేనేం మోసం చెయ్యగలనండీ."

అదీ తెలుసని అప్పుడే తెలిసింది ఆయనకి. కాసేపటికి ఇంకో దారిలో వచ్చాడు. "మూడు నెలలు గోంగూర మాంసం నా చేత్తో మోయించావు. నా చేత్తోనే వాడికి ఇప్పించావు."

"మూత తీసి ఒక్కసారి చూసి ఉంటే మీదే. నేను పెట్టింది ఒక్కపూట నమ్మి తెరిచేవారైతే ఈ సాంబ్రాణి ఖర్చే ఉండేది కాదు." ఆవిడ మొదటిసారి గొంతు తగ్గించింది. "ఎలా తిన్నారో, ఎలా నడిచారో నాకనవసరం. మీరు ఫిబ్రవరి దాటాలి. ఆ తర్వాత ఎంత పోట్లాడతారో పోట్లాడండి."

ఆయన కాళ్లు కడుక్కున్నాడు.

ఆదివారం ఉదయం పదింటికి వంటింట్లోంచి సాంబ్రాణి లేకుండా అసలు వాసనే వచ్చింది. ప్రకాశరావు పేపరు మడిచి పెట్టి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. గిన్నె ఖాళీగా ఉంది. మంగళవారం రైల్లో అయాజ్ నోటికాడిది పోయింది కదా, అందుకని మొత్తం హమీదా ఇంటికి పంపించేశానంది సీతారావమ్మ. ఊరికి ఆ చివర, వాళ్లింట్లో ప్రకాశరావుకి రెండు ముక్కలు తీసిపెట్టమని చెప్పిందట.

"ఆ చివరంటే రెండు మైళ్లు."

"పన్నెండు లోపు నడిచి వెళితే రెండు ముక్కలు. ఆటోలో దిగితే లేవని చెప్పమన్నాను. నాసిర్ కొట్టు ముందు కూర్చుని చూస్తుంటాడు."

ప్రకాశరావు మూడో జత చెప్పులు వేసుకున్నాడు. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగాడు.

"మారు వేస్తారా?"

"ఇంటిదాకా నడిచొచ్చి, మళ్లీ నడిచి వెళితే వేస్తారు" అంది సీతారావమ్మ.

ఆయన గడియారం చూసుకున్నాడు. పది దాటి అయిదు నిమిషాలైంది. నాలుగు రెళ్లు ఎనిమిది మైళ్లు అనుకుంటూ, ఆయాసం రాకుండా, హాయిగా నడవడం మొదలుపెట్టాడు.